తేళ్ళు వెతకడానికి యూవీ టార్చి: 395 చాలా, 365 కావాలా?

ముందే తేల్చి చెప్తాను, వివరాలు తర్వాత. యూవీ అంటే అతినీలలోహిత కాంతి, 395, 365 అనేవి ఆ కాంతి తరంగం పొడవు, నానోమీటర్లలో. ఇంటి ముందు వాకిలి, బాత్‌రూమ్, కట్టెల కుప్ప, పశువుల కొట్టం, ఇంతవరకే చూసుకునేవాళ్ళకి నాలుగైదు వందల్లో దొరికే 51 ఎల్ఈడీల 395 నానోమీటర్ల టార్చి సరిపోతుంది. రాత్రిపూట పొలానికి వెళ్ళి మోటారు వేసేవాళ్ళు, కల్లంలో పడుకునేవాళ్ళు, రాళ్ళ గుట్టల పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్ళు మాత్రం ఇంకో రెండు వేలు ఎక్కువైనా సరే, బల్బు మీద నల్ల అద్దం ఫిల్టరు ఉన్న 365 తీసుకోండి. ఏది కొన్నా మామూలు తెల్ల టార్చి పక్కన పెట్టేయొద్దు. ఎందుకో కింద చెప్తాను, అది ఈ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట.

మాది అనంతపురం వైపు పల్లె. ఎర్ర నేల, వేరుశనగ, చుట్టూ రాళ్ళ గుట్టలు. ఎర్ర తేలు ఈ నేలలో కలిసిపోతుంది, మామూలు టార్చి వేసినా కాలి దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. అదే తేలు యూవీ వెలుతురులో రేడియం స్టిక్కర్ లాగా పచ్చగా మెరుస్తుంది. దాని పైపెంకులో ఒక పలుచటి పొర ఉంటుంది, అందులో బీటా కార్బోలిన్ లాంటి పదార్థాలు ఉంటాయి, అవి మన కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో తిరిగి వదులుతాయి. లైటు తీసేసిన క్షణం మెరుపు పోతుంది. చచ్చిన తేలు కూడా మెరుస్తుంది, అది విడిచిన పెంకు కూడా మెరుస్తుంది. అప్పుడే పెంకు మార్చుకున్న తేలు మాత్రం ఒళ్ళు గట్టిపడేదాకా సరిగ్గా మెరవదు. తల్లి వీపు మీద ఉండే పసి తేళ్ళు కూడా అంతే, తల్లి పచ్చగా వెలుగుతుంటే పిల్లలు మసకగా ఉంటాయి. కాబట్టి లైటు వేసి చూశాను, ఏమీ లేదు అని చెయ్యి పెట్టేయడానికి వీల్లేదు.

395 నానోమీటర్ల లైటుకి తేళ్ళు కనిపించవని నెట్‌లో చాలామంది రాస్తుంటారు, అది నిజం కాదు. బాగానే కనిపిస్తాయి. అసలు తేడా ఏమిటంటే, 395 దగ్గర మన కంటికి కనపడే ఊదా వెలుతురు చాలా ఉంటుంది, నేల మొత్తం ఊదాగా అయిపోతుంది, ఆ ఊదా మధ్యలో తేలు పచ్చదనాన్ని కన్ను వెతుక్కోవాలి. 365లో ఆ ఊదా బాగా తక్కువ, ఫిల్టరు కూడా ఉంటే దాదాపు ఉండదు, చీకట్లో తేలు ఒక్కటే వెలుగుతుంది. అంటే తేడా తేలు మెరుపులో కన్నా దాని వెనకున్న చీకట్లో ఎక్కువ. రెండడుగుల దూరంలో ఈ తేడా పెద్దగా తెలియదు. పదిహేనడుగుల దూరంలో మాత్రం 395 పట్టుకున్నవాడు దాటిపోయే తేలు 365 పట్టుకున్నవాడికి కనిపిస్తుంది.

ఇక ఒక్కొక్కటీ.

తొమ్మిది ఎల్ఈడీల చిన్న టార్చి, సన్న పెన్సిల్ సెల్లులు మూడు పడతాయి, నోట్లు చూసుకోవడానికని, గోళ్ళ పాలిష్ ఆరబెట్టడానికని అమ్ముతారు. వంద, నూటయాభైకి దొరుకుతుంది. బూట్ల లోపల, స్విచ్ బోర్డు వెనక, మంచం కింద చూసుకోవడానికి పనికొస్తుంది, అంతకుమించి దూరం పోదు. తాళం చెవుల గుత్తికి తగిలించుకునేంత చిన్నది కాబట్టి బంధువుల ఊరికి వెళ్ళినప్పుడు జేబులో ఉంటే మంచిదే, కానీ దీన్నే నమ్ముకుని దొడ్లోకి దిగొద్దు.

51 ఎల్ఈడీలది అసలు మన ఇళ్ళకి సరైన సరుకు. మూడు మామూలు పెన్సిల్ సెల్లులు, ఊళ్ళో ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతాయి. ఇది చాలా పెద్ద లాభం, ఛార్జర్ పాడైపోతే పట్నం పోవాల్సిన పని లేదు. వెలుతురు ఒకచోట గుచ్చినట్టు కాకుండా వెడల్పుగా పడుతుంది, అందుకే గోడ వెంట నడుస్తూ చూడటానికి హాయిగా ఉంటుంది. బాగా చీకటిగా ఉంటే ఐదారు అడుగుల దాకా తేలు స్పష్టంగా తెలుస్తుంది. వంద ఎల్ఈడీలది కూడా ఉంది, ఆరు సెల్లులు పడతాయి, బరువు ఎక్కువ, వెలుతురు వెడల్పు పెరుగుతుంది కానీ దూరం రెట్టింపేమీ కాదు. నేనైతే 51 దగ్గరే ఆగమంటాను. లోపాలు చెప్పాలంటే, వెనక మూత మర తొందరగా అరిగిపోతుంది, వానకి అస్సలు పనికిరాదు, సెల్లులు కాస్త దిగిపోగానే వెలుతురు సగమైపోతుంది, ఆ సంగతి మనకి తెలియదు కూడా, ఎందుకంటే ఊదా రంగు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. అమ్మ రోజూ రాత్రి బాత్‌రూమ్‌కి వెళ్ళే ముందు ఇదే వేసి చూస్తుంది, ఆవిడకి ఒక్క బటన్ నొక్కితే వెలిగే వస్తువే కావాలి, మోడ్‌లూ అవీ ఉంటే చిరాకు.

దీనితో పాటు ఒక చిట్కా, ఇది తప్పకుండా చేసి చూడండి. రాత్రి బండి నడిపేవాళ్ళు పెట్టుకునే పసుపు అద్దాలు నూటయాభై, రెండు వందలకి దొరుకుతాయి కదా, అవి పెట్టుకుని 395 టార్చి వేయండి. పసుపు అద్దం ఆ ఊదా వెలుతురుని ఆపేస్తుంది, తేలు పచ్చదనాన్ని రానిస్తుంది. నేల నల్లబడిపోయి తేలు ఒక్కసారిగా పైకి తేలినట్టు కనిపిస్తుంది. ఖరీదైన ఫిల్టరు టార్చి ఇచ్చే సుఖంలో సగం ఈ అద్దాలతో వచ్చేస్తుంది. అద్దాలకు ఇంకో లాభం కూడా ఉంది, గోడకి తగిలి తిరిగొచ్చే కాంతి కళ్ళకి తక్కువ పడుతుంది.

ఇప్పుడు 365 సంగతి. ఇక్కడే మోసం ఎక్కువ. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర ఏడు వందలకి 365 అని తెప్పించాను, డబ్బా మీద కూడా 365 అనే ఉంది, వెలిగిస్తే స్టీలు పళ్ళెం మీద చిక్కటి ఊదా వలయం. అది 395 దగ్గరి ఎల్ఈడీ, లేబులు మాత్రమే 365. తిప్పి పంపించాను, డబ్బులు వచ్చాయి, కానీ ఆ నాటకమంతా ఎందుకు. మీరు కొన్నప్పుడు ఇలా చూసుకోండి: చీకటి గదిలో, దానంతట అది మెరవని వస్తువు మీద, అంటే స్టీలు పళ్ళెమో నల్ల బండో, దాని మీద వేయండి. ముదురు ఊదా కనిపిస్తే 395. పాలిపోయిన తెలుపు లాంటి మసక వెలుతురు వస్తే 365. ఫిల్టరు ఉన్న 365 అయితే లైటు వెలుగుతోందా లేదా అని అనుమానం వచ్చేంత తక్కువగా ఉంటుంది. తెల్ల గోడ మీద, తెల్ల కాగితం మీద పరీక్ష చేయొద్దు, అవి వాటంతట అవే నీలంగా మెరిసి తికమక పెడతాయి.

నా దగ్గర ఇప్పుడు ఉన్నది కాన్వాయ్ కంపెనీ టార్చి ఎస్2 ప్లస్, 365 రకం, జపాన్ నిచియా కంపెనీ ఎల్ఈడీ, ముందు నల్ల అద్దం ఫిల్టరు. అరచేతిలో ఇమిడిపోతుంది, ఒక్క 18650 బ్యాటరీ (ఛార్జ్ చేసుకునే లావు సెల్లు) మీద నడుస్తుంది. మన దగ్గర షాపుల్లో దొరకదు, తెప్పించుకోవాలి, బ్యాటరీ, ఛార్జర్ విడిగా కొనుక్కోవాలి, అన్నీ కలిపితే రెండున్నర వేలు దాటుతుంది. దీన్ని పట్టుకుని మొదటిసారి పొలం గట్టు మీద వేసినప్పుడు తెలిసింది డబ్బు ఎక్కడికి పోయిందో. ఇరవై, ఇరవై ఐదు అడుగుల అవతల రాతి కట్టడం సందులో తోక చివర మాత్రమే బయటికి ఉన్న తేలు కూడా పచ్చటి చుక్కలా కనిపించింది. మనం దాని దగ్గరికి వెళ్ళకముందే అది ఎక్కడుందో తెలిసిపోవడం, ఇదీ ఈ టార్చి అసలు విలువ. 395తో తేలు కనపడేసరికి మనం దాని పక్కనే ఉంటాం.

కాన్వాయ్‌లోనే సీ8 ప్లస్ అని పెద్ద తల ఉన్నది కూడా ఉంది, ఇంకా దూరం కొడుతుంది. గుట్టలెక్కి తేళ్ళ ఫొటోలు తీసేవాళ్ళకి, పరిశోధన చేసేవాళ్ళకి అది బాగుంటుంది. ఇంటికి వద్దు, వెలుతురు ఒకచోటే పడుతుంది, కాళ్ళ చుట్టూ చూడాలంటే చెయ్యి అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి.

365 టార్చీలన్నిటికీ ఒక ఇబ్బంది ఉంది, వేడెక్కుతాయి. పది నిమిషాలు ఆపకుండా వేస్తే టార్చి ఒళ్ళు కాలుతుంది, వేడెక్కే కొద్దీ వెలుతురు తగ్గుతుంది. వేయడం, చూడటం, ఆపడం, నాలుగడుగులు వేసి మళ్ళీ వేయడం, ఇలా వాడితే మంచిది. తేలుకీ అది మంచిదే, ఎక్కువసేపు యూవీ పడితే అది కదిలి సందులోకి దూరిపోతుంది, తర్వాత వెతుక్కోవడం కష్టం.

బ్యాటరీ గురించి గట్టిగా చెప్పాలి. 18650 మీద 9900 ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే లెక్క) అని రాసి ఉంటే అది అబద్ధం, కొనొద్దు. ఆ సైజులో మంచి కంపెనీల బ్యాటరీలు 3500 దగ్గర ఆగిపోతాయి. ఇలాంటి తప్పుడు లేబులు బ్యాటరీలు తొందరగా దిగిపోవడమే కాదు, ఛార్జింగ్‌లో వేడెక్కి పేలే ప్రమాదం కూడా ఉంది. లోపల రక్షణ సర్క్యూట్ ఉన్నదే తీసుకోండి, దిండు పక్కన పెట్టి రాత్రంతా ఛార్జింగ్ చేయొద్దు.

ఫోన్ ఫ్లాష్ మీద టేపు అంటించి నీలం, ఊదా మార్కర్లు పూస్తే యూవీ లైటు అయిపోతుందని వీడియోలు తిరుగుతున్నాయి. కాదు. ఫోన్‌లో ఉన్న తెల్ల ఎల్ఈడీలో అతినీలలోహిత కాంతే ఉండదు, లేనిదాన్ని మార్కర్ ఎక్కడి నుంచి తెస్తుంది? నీలం రంగు వెలుతురు వస్తుంది, దాంట్లో తేలు మెరవలేదని మీరు ధైర్యంగా అడుగేస్తే ప్రమాదం. అలాగే ఈ టార్చీలు క్రిములను చంపుతాయని అమ్మేవాళ్ళ మాట కూడా వినొద్దు, క్రిములను చంపడానికి వాడేది వేరే రకం యూవీ, అది ఇంట్లో ఇలా చేత్తో పట్టుకుని తిరిగే వస్తువు కాదు.

కళ్ళ జాగ్రత్త. ఫిల్టరు ఉన్న 365లో ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే కంటికి ఏమీ కనపడదు కాబట్టి కనుపాప కుంచించుకోదు, రెప్ప మూయాలనిపించదు, యూవీ మొత్తం లోపలికి పోతుంది. పిల్లల చేతికి ఆటకని ఇవ్వొద్దు, ఎవరి ముఖం మీదా వేయొద్దు, అద్దం మీద, స్టీలు బిందెల మీద నేరుగా కొట్టొద్దు. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే పాలికార్బొనేట్ సేఫ్టీ అద్దాలు పెట్టుకోండి, చూడటానికి తెల్లగా ఉన్నా 365 కాంతిని ఆపేస్తాయి.

ఇక మొదట్లో అన్న తెల్ల టార్చి మాట. పాములు మెరవవు. కట్లపాము, రక్తపింజరి మీద మీరు ఎంత మంచి యూవీ వేసినా అవి చీకట్లో కలిసిపోయి ఉంటాయి. 395 అయితే ఆ ఊదా వెలుతురులో నేల కొంచెమైనా కనిపిస్తుంది, ఫిల్టరు ఉన్న 365 పట్టుకుని నడిస్తే నేల కనిపించదు, గుంత కూడా కనిపించదు. తేలు కోసం చూస్తూ పాము మీద కాలు వేయడం జరగరాని సంగతి. అందుకే నేను తలకి కట్టుకునే తెల్ల లైటు వేసుకుని నడుస్తాను, ఆగి, దాన్ని ఆపి, యూవీ వేసి ఒకసారి చుట్టూ తిప్పి చూస్తాను, మళ్ళీ తెల్ల లైటుతో ముందుకి. కాళ్ళకి బూట్లు, చెప్పులు కాదు. ఒక్క టార్చీకే డబ్బులున్నాయంటే ముందు మంచి తెల్ల టార్చి కొనండి, యూవీ తర్వాత.

చూసేటప్పుడు వాకిట్లో బల్బు ఆపేయండి. నిండు పున్నమి వెన్నెల్లో తేళ్ళు తక్కువగా బయట తిరుగుతాయి, పైగా ఆ వెలుతురులో మెరుపు కూడా సరిగ్గా తెలియదు. అమావాస్య ముందూ వెనకా, ఉక్కగా ఉన్న రాత్రుల్లో, తొలి వానలు పడ్డాక, చీకటి పడిన గంట రెండు గంటల్లో ఎక్కువగా కనిపిస్తాయి. పేర్చిన బండల సందులు, పిడకల కుప్ప, గోనె సంచుల కింద, మోటారు స్టార్టరు పెట్టె లోపల, వేరుశనగ పీకి కుప్ప వేసిన చోట తప్పకుండా చూడండి. ఆ కుప్పల్లో చెయ్యి పెట్టి కాయలు కోసేటప్పుడు ఆడవాళ్ళకి తేలు కుట్టడం మా వైపు ప్రతి ఇంట్లో వినే మాటే.

మెరిసేదంతా తేలు కాదు. డిటర్జెంట్ పొడితో ఉతికిన తెల్ల పంచె, కాగితం ముక్క, ఎరువుల సంచి దారప్పోగులు, కొన్ని ప్లాస్టిక్ మూతలు, ఇవన్నీ మెరుస్తాయి, కానీ ఎక్కువగా తెలుపు కలిసిన నీలం రంగులో. తేలుది పచ్చదనం ఉన్న మెరుపు, ఆకారం కూడా తెలుస్తుంది. నాలుగు రాత్రులు చూస్తే కంటికి అలవాటైపోతుంది. మా ఊళ్ళో మొదట్లో 'ఏందన్నా, దొంగనోట్లు చూసే లైటా?' అని అడిగిన పిల్లగాడు ఇప్పుడు నాకన్నా ముందే చూపిస్తున్నాడు.

ఒక పరిమితి మాత్రం గుర్తుంచుకోవాలి. ఎర్ర తేలైనా, నల్లగా పెద్దగా ఉండే మండ్రగబ్బ అయినా యూవీలో రెండూ పచ్చగానే ఉంటాయి. రంగు చూసి చెప్పలేం, తెల్ల లైటు వేసి ఆకారం చూడాలి. మండ్రగబ్బకి పీత డెక్కల్లాంటి ముందు చేతులు లావు, కుడితే నొప్పి బాగా ఉంటుంది కానీ ప్రాణం మీదికి రావడం అరుదు. ఎర్ర తేలు చిన్నది, ముందు చేతులు సన్నం, తోక లావు, అసలు భయపడాల్సింది దానికే, ముఖ్యంగా పిల్లల విషయంలో. కుట్టాక ఒళ్ళంతా చెమటలు, వాంతులు, చేతులు కాళ్ళు చల్లబడటం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా మంత్రం, పసరు అని ఆగకుండా 108కి ఫోన్ చేయండి. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బవాస్కర్ ప్రాజోసిన్ అనే బీపీ మాత్రతో ఎర్ర తేలు కాటుకి వైద్యం చేసి చూపించారు, 2022లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆ మాత్ర ఖరీదైనది కాదు, కానీ ఎంత మోతాదు, ఎప్పుడు అనేది డాక్టరే చూడాలి. మీ దగ్గరి ఆసుపత్రిలో ప్రాజోసిన్, తేలు విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్నాయా లేదా అని ముందే వెళ్ళి అడిగి పెట్టుకోండి.

కనపడిన తేలుని ఏం చేయాలని అడుగుతారు. నేను అడుగు పొడవున్న పట్టకారుతో తోక పట్టుకుని పెద్ద మూతి ఉన్న గాజు సీసాలో వేస్తాను. నున్నటి గాజు మీద అది పైకి ఎక్కలేదు. ఇళ్ళకి దూరంగా రాళ్ళ గుట్టలో వదిలేస్తాను, అది అక్కడ పురుగుల్ని తిని బతుకుతుంది. పట్టుకోవడం చేతకాకపోతే ప్రయత్నించొద్దు, చేతనైనవాళ్ళని పిలవండి, వాళ్ళు వచ్చేదాకా దూరం నుంచి లైటు అప్పుడప్పుడూ వేస్తూ అది ఎటు పోతోందో చూస్తే చాలు.

ఇప్పుడు కొనబోతుంటే నా లెక్క ఇది. ఇంట్లో అందరూ వాడటానికి 51 ఎల్ఈడీలది ఒకటి, పసుపు అద్దాలు ఒక జత, ఏడు వందల లోపు అయిపోతుంది, తలుపు పక్కన మేకుకి తగిలించి పెట్టండి. పొలం పని ఉన్నవాళ్ళు దానికి తోడు ఫిల్టరు 365, మంచి బ్యాటరీలు రెండు. వేరుశనగ పీకే నెల రాకముందే తెప్పించుకోండి, బయటి నుంచి వచ్చే సరుకు చేతికి రావడానికి కొన్నిసార్లు నెల దాకా పడుతుంది.